గోతిలో 29 యూనిట్లు, కుప్పలో 45 యూనిట్లు: ఈ రాయిని ఏం చెయ్యాలి?

లెక్కలటీచర్ (కొమ్మాది):

నమస్కారం అండీ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా నాన్నగారు విశాఖ దగ్గర కొమ్మాదిలో ఎప్పుడో కొని పడేసిన 200 గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టాం. మా ఆయనది షిప్పు ఉద్యోగం, ఏడాదిలో నాలుగు నెలలే ఇంటి పట్టున ఉంటారు. కాబట్టి సైటూ నాదే, మేస్త్రీతో గొడవలూ నావే.

స్థలం 36 బై 50. దక్షిణం రోడ్డు, ఉత్తరం కొండ. రోడ్డు దగ్గర్నుంచి వెనక గట్టు దాకా 7 అడుగులు ఎత్తు పెరుగుతుంది. ఉత్తరం ఎత్తుండకూడదు, ఈశాన్యం అయితే అసలే ఉండకూడదు అని సిద్ధాంతి గారు సెలవిచ్చారు. మా అత్తగారు ఆ మాటే పట్టుకున్నారు. సరే, వెనక 20 అడుగుల మేర రోడ్డు మట్టానికి దింపెయ్యమన్నాం. పైన అడుగున్నర ఎర్రమట్టిని జేసీబీ ఒక్క పూటలో లాగేసింది. ఆ కింద రాయి. రాయి పగలగొట్టే మిషను, బ్రేకర్, పెట్టి పదకొండు రోజులు కొట్టారు. పక్కింటి మామ్మగారు నాతో మాట్లాడ్డం మానేశారు.

ఇప్పుడు గొడవేమిటంటే, నేను టేపు పట్టుకుని గోతిలో దిగి కొలిచాను. మట్టిపొర కింద నుంచి పన్నెండు చోట్ల లోతు తీస్తే సగటు 4 అడుగులు. 36 × 20 × 4 అంటే 2,880 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కదా, 29 యూనిట్లు అనుకుందాం. మా కాంట్రాక్టర్ బిల్లులో మాత్రం 45 యూనిట్లు రాశాడు. "కుప్ప అక్కడే ఉంది, కొలుచుకోండి మేడమ్" అన్నాడు. కొలిచాను. నిజంగానే 4,500 వచ్చింది. ఆయన అబద్ధం ఆడలేదు, నేనూ ఆడలేదు. తవ్వితే రాయి పెరుగుతుందా? ఈ ప్రశ్న ఎనిమిదో తరగతికి ఇస్తే పిల్లలు నా వైపు జాలిగా చూస్తారు.

అంతేకాదు. తవ్వినందుకు 45 యూనిట్ల రేటు, బయటికి తోలడానికి 45 ట్రాక్టర్ లోడ్ల రేటు. అదే ఎస్టిమేట్లో నాలుగో పేజీలో "పునాదికి రాయి కొనుగోలు, 12 యూనిట్లు" అని ఇంకో పద్దు! నా రాయిని డబ్బిచ్చి పంపించి, ఎవరి రాయినో డబ్బిచ్చి తెచ్చుకోవాలన్నమాట. అడిగితే "ఇది పనికిరాని రాయి మేడమ్" అంటాడు. పనికిరానిదైతే నిన్న ఒకాయన వచ్చి "పెద్ద రాళ్ళు మాత్రం ఊరికే పట్టుకుపోతా" అని ఎందుకన్నాడు?

కుప్ప ప్రస్తుతం పక్క ఖాళీ స్థలంలో ఉంది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు, వచ్చే నెల వస్తారట. ఈశాన్యం మూల ఒక బండ ఇంకా మిగిలే ఉంది, బ్రేకర్‌కి లొంగలేదు. మందు పెట్టి పేల్చేద్దాం అంటున్నాడు మేస్త్రీ. మా అమ్మేమో ఆ బండతో రోలు చేయించమంటోంది. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

—

రిటైర్డ్ ఏఈ:

టీచర్ గారూ, నేను అసిస్టెంట్ ఇంజినీరుగా రిటైరైనవాణ్ణి. ముందు ఆ మందు మాట ఆపించండి. ఇళ్ళ మధ్య పేలుడు పని లైసెన్సున్న మనిషి, అనుమతి కాగితం లేకుండా చేస్తే మీ మేస్త్రీతో పాటు మీరూ స్టేషన్ మెట్లెక్కుతారు. ఎగిరిన రాయి మామ్మగారి రేకుల మీద పడితే అది వేరే కథ.

ఇక మీ లెక్క. ఇద్దరిదీ కరెక్టే. గట్టి రాయిని పగలగొట్టి కుప్ప పోస్తే ముక్కల మధ్య ఖాళీలు చేరి ఒకటికి ఒకటిన్నర అవుతుంది. 2,880 కాస్తా 4,500 కావడంలో వింత లేదు, నేనే కొలిచినా అదే వస్తుంది. కానీ తవ్వకం కూలి గోతి కొలత మీద, రవాణా కూలి కుప్ప కొలత మీద ఇవ్వాలి. బండికెక్కేది కుప్ప కాబట్టి లోడ్ల దగ్గర ఆయన్ని తప్పు పట్టకండి. తవ్వకానికి మాత్రం 29 యూనిట్లే. గొయ్యి కొలవడానికి వీల్లేనప్పుడు కుప్ప కొలిచి, ఖాళీల కింద 50 శాతం కొట్టేసే పద్ధతి కేంద్ర ప్రజా పనుల శాఖ స్పెసిఫికేషన్లలో ఉంది. ఆ లెక్కన మీ కాంట్రాక్టర్‌కి ఇరవై రెండున్నరే వస్తుంది. ఈ మాట చెప్పి చూడండి, 29కి వెంటనే ఒప్పుకుంటాడు.

పాత నేల మట్టం ఎక్కడో ఆయన వాదిస్తే పక్కింటి గోడ చూపించండి. మట్టి ఆనుకున్న చోట మరక ఉంటుంది, ఏళ్ళ తరబడి పోదు. మేమైతే తవ్వకం మొదలయ్యేటప్పుడే పాత మట్టానికి గుర్తుగా మధ్యలో ఒకటి రెండు దిమ్మలు కదపకుండా వదిలేయించేవాళ్ళం, బిల్లు అయ్యాకే వాటిని తీసేది.

అడగని సంగతి ఒకటి. ఏడడుగుల ఏటవాలు స్థలంలో వెనక అంతా రోడ్డు మట్టానికి కొయ్యడం అవసరమే లేదు. ఇంటిని రెండు మట్టాలుగా, మధ్యలో నాలుగు మెట్లు పెట్టి గీసుంటే ఈ రాయిలో సగం అక్కడే ఉండేది. కొండ వాస్తు చూసుకుని పుట్టదు కదా. అయిందేదో అయింది.

పునాది దగ్గర మాత్రం జాగ్రత్త. వెనక కాలమ్‌లు రాతి మీద కూర్చుంటాయి, ముందువి మట్టిలో. ముందువైపు ఫుటింగులు, అంటే కాలమ్‌ల కింద దిమ్మలు, పూడ్చిన మట్టి మీద వెయ్యనివ్వకండి, అసలు గట్టి నేల తగిలేదాకా దిగాల్సిందే. ఒకే ఫుటింగు సగం రాతి మీద, సగం మట్టి మీద పడితే మట్టివైపు కుంగుతుంది, రాతివైపు కుంగదు, గోడ మధ్యలో చీలుతుంది. అలాంటి చోట మట్టి తీసేసి రాయి దాకా పీసీసీతో (ఊచలు లేని కాంక్రీటు) నింపించండి. రాయి ఏటవాలుగా ఉంటే మెట్టులా చెక్కించి, చిల్లులేసి ఊచలు దించి గ్రౌటు (పల్చటి సిమెంటు) పోయించాలి. ఇది మీ ఇంజినీరుకి తెలిసే ఉంటుంది. ఆ రోజు ఆయన సైట్లో ఉన్నాడో లేదో మాత్రం మీరు చూసుకోవాలి.

—

కొత్తవలస కుర్రోడు:

టీచరక్కా, మా నాన్న రాళ్ళు కొట్టే పనే, నలభై ఏళ్ళ బట్టి. మీ పోస్టు సదివి ఇనిపించాను. ఆయన సెప్పింది రాస్తన్నాను.

పనికిరాని రాయి అని కుప్ప మొత్తాన్ని సూసి సెప్పడం కుదరదంట. మన కొండల్లో ఒకే గోతిలో మూడు రకాలు వస్తాది. సమ్మెట ఎత్తి కొడితే ఖంగుమంటే మంచి రాయి. దబ్బుమంటే లోపల పుచ్చు. కొడితే బుగ్గిలా రాలిపోతే అది రాయి కాదు, గ్రావెల్ అనుకోవాల. ఇద్దరు కూలీల్ని పెట్టి మూడు కుప్పలు వేయించండి. రెండ్రోజుల పని. అడుగుకి పైబడ్డ మంచి రాళ్ళని ఎవ్వరికీ ఊరికే ఇవ్వొద్దు. ఊరికే పట్టుకుపోతా అన్నోడికి దాని ఇలువ బాగా తెలుసు.

ఇంకోటి, బ్రేకర్ రాయిని సిదగ్గొట్టేస్తాది. పునాదికి రాయి కావాలనుకుంటే మూల బండని బ్రేకర్‌తో కొట్టనీయకండి. బండలో చార ఎటు పోతందో సూసి, ఆ వరసలో డ్రిల్లుతో చిల్లులేసి, ఇనప చీలలు దిగ్గొడతారు. ఒక్కో చీల మీద వరసగా ఒక్కో దెబ్బ, తొందర పడకుండా. కాసేపటికి సన్నగా టిక్ మని సప్పుడొస్తాది. అప్పుడు అందరూ ఎనక్కి జరగాల. కొబ్బరి చెక్కలా ఇడిపోద్ది. మా తాత రోజుల్లో డ్రిల్లు లేదు, మంట పెట్టి కాల్చేసి నీళ్ళు కొట్టేవారట.

చీలలికి లొంగకపోతే చిల్లుల్లో పోసే పౌడరు దొరుకుతాది. నీళ్ళలో కలిపి పోస్తే ఉబ్బుతాది, సప్పుడు లేకుండా ఒక రోజులో బండ చీలిపోద్ది. పోసాక చిల్లులోకి తొంగి సూడొద్దు, ఒక్కోసారి ఎగజిమ్ముతాది, కళ్ళు పోతాయి. పౌడరు అమ్మినోడు ఇది సెప్పడు.

రోలు సంగతి అడిగితే నాన్న నవ్వేడు. ఎర్ర గింజలున్న రాయితో రోలు కొడితే గింజలూడి పచ్చట్లోకి వచ్చేస్తాయంట. నల్లగా, సన్నపొడిగా, గింజ కనపడకుండా ఉంటేనే రోలుకి.

—

లెక్కలటీచర్:

తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఏఈ గారూ, మీ 50 శాతం మాట మంత్రంలా పనిచేసింది. కాంట్రాక్టర్ రెండు నిమిషాలు ఫోన్ చూసుకుని "29 రాసేయండి మేడమ్" అన్నాడు. మర్నాడు టీ కూడా ఆయనే తెప్పించాడు, నాకెందుకో అనుమానంగా ఉంది.

నిన్న కుప్పలోంచి రెండు రాళ్ళు తెచ్చి ఇంట్లో తూకం వేశాను. ఒకటి 4.2 కిలోలు, నల్లగా ఉంది. రెండోది 3.1 కిలోలు, ఎరుపూ తెలుపూ మచ్చలు. బకెట్లో నీళ్ళు పోసి ఒక రోజు నానబెట్టాను. నల్లది 4.26 అయింది. మచ్చలది 3.36. ఇదేదో అర్థం ఉన్న తేడాయేనా, లేక నా కూరగాయల త్రాసు తేడానా?

—

గార్నెట్:

మేడమ్, మీరు చేసింది సివిల్ ల్యాబులో చేసే పరీక్షే! నల్లది తాగిన నీరు ఒకటిన్నర శాతం లోపు, మచ్చలది ఎనిమిది దాటింది. కట్టడపు రాయి 5 శాతానికి మించి నీరు పీల్చకూడదని ప్రభుత్వ స్పెసిఫికేషన్. ఒకటి పాసు, ఒకటి ఫెయిలు. టీచరు గారికి ఇంతకంటే సుళువుగా చెప్పలేను. త్రాసు మంచిదే.

నేను జియాలజీ చదివి ఇప్పుడు వేరే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఎవరైనా రాయి గురించి అడిగితే ఆగలేను, క్షమించాలి. మీ మచ్చల రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. విశాఖ చుట్టూ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అందులో ఎర్ర గింజలు గార్నెట్, తెల్లటి భాగం ఫెల్డ్‌స్పార్. వేల ఏళ్ళు వాన తగిలితే ఆ ఫెల్డ్‌స్పార్ సుద్దమట్టిగా మారిపోతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి రాయి ఎరుపెక్కుతుంది. భీమిలి బీచ్‌లో అల వెనక్కి వెళ్ళినప్పుడు ఇసుక మీద ఎర్రటి చారలు కనిపిస్తాయే, ఆ గింజలే! కొండ అరిగి సముద్రంలో చేరినవి.

దీన్ని చులకనగా చూడక్కర్లేదు, కోణార్క్ గుడి కట్టింది ఈ జాతి రాయితోనే. కానీ అక్కడి శిల్పాలు అరిగిపోవడంలో రాయి స్వభావం పాత్ర ఉంది, సముద్రపు గాలి పాత్రా ఉంది. మీ ఇల్లూ సముద్రానికి దూరమేం కాదు. కాబట్టి తాజాగా, గట్టిగా ఉన్న ఖోండలైట్ వేరు, పుచ్చిన ఖోండలైట్ వేరు. పుచ్చినదాన్ని కాంక్రీటులో కంకరగా కలపనివ్వకండి. సుద్ద ఉంటే సిమెంటు పట్టదు. నల్లరాయి చార్నొకైట్ అనే గట్టి రాయి కావచ్చు, చూడకుండా ప్రమాణం చెయ్యలేను. అదైతే అదృష్టమే.

ఇంకో సంగతి, బ్రేకర్ కొట్టేటప్పుడు నీళ్ళు చల్లించండి. ఆ తెల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే తిరిగి రాదు. కూలీలకి తువ్వాలు చాలదు, మాస్కులు కొనివ్వండి.

—

పెందుర్తి వాసి:

నా తప్పు మీరు చెయ్యకండి. మా ఇంటికీ ఇలాగే రాయి వచ్చింది, తెలివిగా బేస్‌మెంట్ లోపల పోయించేసి, పైన ఇసక కొట్టి టైల్స్ వేశాం. రెండు వానాకాలాలు బాగానే ఉంది. మూడో ఏడు హాల్లో టైలు మీద నడిస్తే డొల్ల శబ్దం. తవ్వి చూస్తే పెద్ద రాళ్ళ సందుల్లోకి ఇసక జారిపోయి, కింద మా బాబు బంతి పట్టేంత బొరియ. అప్పుడు చెప్పారు, ఫిల్లింగులో పెద్ద రాళ్ళు వెయ్యకూడదట. పిడికిలికి మించని ముక్కలు, మధ్యలో గ్రావెల్, ముప్పావు అడుగు మందంలో పొరలు పొరలుగా, నీళ్ళు కొట్టి రోలర్ తిప్పాలి. ముందే చెప్పి ఉండాల్సింది.

మరుగుదొడ్డి సోక్ పిట్ కూడా వెనకవైపు రాతిలో పెట్టకండి. రాయి నీరు పీల్చదు, నెలకోసారి బండి పిలవాలి. ఇంకుడు గుంత కూడా ముందువైపు మట్టిలోనే.

—

రిటైర్డ్ ఏఈ:

పెందుర్తి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దానికి కలుపుకోవాల్సినవి రెండు.

వెనక కోసిన గట్టు. వానాకాలంలో కొండ నీరు మట్టికీ రాతికీ మధ్య సందులోంచి జారి వస్తుంది, పైకి కనపడదు. మీరు ఆ సందునే కోసి తెరిచారు. అక్టోబరు, నవంబరు తుఫానుకి మీ పెరడు చెరువవుతుంది. గట్టుకి రాతి గోడ కట్టించండి, మీ రాయితోనే. గోడ వెనక మట్టి కాకుండా చిన్న రాళ్ళు పేర్పించి, గోడలో ఐదడుగులకొకటి మూడంగుళాల పైపులు బయటికి వాలుగా పెట్టించండి. పైపు వెనక ముక్కలు పెద్దవి, మట్టివైపు సన్నవి. కింద కాలువ కట్టి రోడ్డు డ్రెయిన్‌కి కలపండి. గోడలు పడిపోయేది మట్టి బరువుకంటే నిలిచిన నీటి బరువుకే ఎక్కువ.

రెండోది కాగితాలు. కట్టడపు రాయి 1957 గనుల చట్టంలో చిన్నతరహా ఖనిజం. మీ స్థలంలో తీసింది మీ స్థలంలోనే వాడుకుంటే మామూలుగా ఎవరూ రారు. పునాదికి తవ్విన మట్టిని అదే స్థలంలో చదును చెయ్యడానికి వాడితే రాయల్టీ అడగడం సరికాదన్న ధోరణిలో, పుణె బిల్డర్ల కేసులో 2014లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. కానీ అది మామూలు మట్టి గురించి. రాయి అమ్మినా, ట్రాక్టర్‌లో రోడ్డెక్కించినా పర్మిట్ అడిగే హక్కు గనుల శాఖ వాళ్ళకుంది. బయటికి పంపేముందు వాళ్ళ ఆఫీసులో అడగండి, "కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అని వదిలెయ్యకండి. ఎక్కడ పోస్తున్నాడో కూడా అడగండి. గెడ్డలో (వాగులో) పోస్తే ఆ నీరు ఇంకొకరి ఇంట్లోకే పోతుంది.

ఈశాన్యం బండ తీశాక ఆ గొయ్యి పూడ్చకండి. అక్కడే సంపు పెట్టుకోండి. మీ సిద్ధాంతి గారికి కూడా నచ్చుతుంది.

—

లెక్కలటీచర్:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మా సందులో ఇంకో ఇద్దరు ఇళ్ళు మొదలుపెడుతున్నారు, వాళ్ళకోసం లెక్క పెడుతున్నాను.

45 యూనిట్ల కుప్ప ఎటు వెళ్ళిందంటే: ప్రహరీ పునాదికి 10, వెనక గోడ పైపుల దగ్గర పేర్చడానికి 4, ఇంటి కింద ఫిల్లింగుకి మెత్తరాయి, గ్రావెల్ కలిపి 12, గచ్చు కింద సోలింగుకి (రాళ్ళ పరుపు) 3. పక్క స్థలం ఓనరు వచ్చారు. నేను క్షమాపణ చెప్పబోతుంటే ఆయనే "మాకూ ప్రహరీ కట్టాలమ్మా, ఓ ఐదు యూనిట్లు అక్కడే ఉంచెయ్యండి" అన్నారు. మిగిలింది 11. అది నిజంగానే పుచ్చు, పర్మిట్ తీసుకుని పంపించాం. 45 లోడ్ల బిల్లు 11కి దిగింది. నాలుగో పేజీలో 12 యూనిట్ల రాయి పద్దు కొట్టేయించాను. వేరుచేసిన ఇద్దరు కూలీలకి రెండు రోజులు కాదు, నాలుగు రోజులు పట్టింది. అదొక్కటీ తమ్ముడి లెక్క తప్పింది.

వెనక గోడ సగం అయ్యాక మొన్న రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే మూడు పైపుల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నాలుగోది పొడిగా ఉంది. మేస్త్రీ "దానికి నీరు రాలేదు మేడమ్" అన్నాడు. ఊచ పెట్టి పొడిపించాను. సిమెంటు ముద్ద ఊడిపడింది, వెనకే నీళ్ళు.

మామ్మగారు మళ్ళీ మాట్లాడుతున్నారు. వాళ్ళ గోడలో సన్నటి చీలిక ఒకటుంది. అది ముందునుంచీ ఉందో, మా బ్రేకర్ వల్ల వచ్చిందో తేల్చడానికి నా దగ్గర ముందు తీసిన ఫొటో లేదు. పూత పని నేనే చేయిస్తున్నాను. మీరు మాత్రం బ్రేకర్ రాకముందే నాలుగు వైపులా గోడలు ఫొటోలు తీసి పెట్టుకోండి.

మూల బండ చీలలకే లొంగింది. చెప్పినట్టే టిక్ మంది, నేను వినలేదు గానీ మా అమ్మ విందట. అందులో నల్లటి ముక్క ఒకటి, ఎక్కడా ఎర్ర గింజ లేదు, గేటు పక్కన పెట్టించాను. అమ్మ రోజూ దాన్ని కడుగుతోంది. కొత్తవలస తమ్ముడూ, నాన్నగారు ఏ ఆదివారం రాగలరో కనుక్కుని చెప్పు. కూలి ఎంతో కూడా ముందే చెప్పు, యూనిట్లలో కాదు, రూపాయల్లో.